సి భాషా నిర్మాత డెన్నిస్ రిచీ

మహనీయుల జీవితచరిత్రలను వ్రాయునపుడు వారి విజయాలను వరుసగా పేర్కొని, వారి పనిలోని లోపాలను మరుగుపరచుట మనలో చాలకాలంగా వస్తున్న ఆచారం. గౌరవభావం వలన పుట్టిన అలవాటే అయినను, చదువుకొనే విద్యార్థికి దీనివలన కలిగే మేలు స్వల్పం. లోపం లేని పని చేసినవాడు లోకంలో లేడు. తన పనిలోని లోపం బయటపడిన నాడు ఆ మనిషి ఎట్లు ప్రవర్తించాడన్నది అతని ఘనతకు గీటురాయి. ఈ దృష్టితో డెన్నిస్ రిచీ జీవితాన్ని ఈ సంచికలో మన విద్యార్థుల ముందు ఉంచదలచాము.

మేము తెలుగు బోధించేవారము. కంప్యూటరు శాస్త్రం మా విషయం కాదు. ఈ వ్యాసం వ్రాయుటకు కారణం మా విద్యార్థి ఒకడు. పాత సి ప్రోగ్రాములను చదివి, వాటిలోని ప్రమేయాలన్నింటికీ ప్రోటోటైపులను తనంతట తానే వ్రాసి ఇచ్చే ఒక చిన్న పరికరాన్ని తయారు చేయుట అతడు తీసుకొన్న ప్రాజెక్టు. తన నివేదికను తెలుగులో కూడ వ్రాయవలెనన్న కోరికతో, తగిన మాటల కొరకు మా వద్దకు వచ్చాడు. గణితంలో ఫంక్షనుకు వాడే ప్రమేయం అన్న మాటనే ఇక్కడను వాడుకొనవచ్చునని చెప్పాము. సంభాషణ మధ్యలో అతడు ఒక ఫిర్యాదు చేశాడు. భాషను నిర్మించినవాడు మొదటనే జాగ్రత్తపడి ఉంటే తనకు ఇంత శ్రమ ఉండేది కాదు గదా అన్నది దాని సారాంశం. ఆ ఫిర్యాదు న్యాయమైనదా కాదా అని విచారించుచు పోగా మాకు ఒక నిరాడంబరుని జీవితం ఎదురయింది.

డెన్నిస్ మెకాలిస్టర్ రిచీ 1941 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో, బ్రాంక్స్‌విల్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి ఆలిస్టర్ రిచీ సుప్రసిద్ధమైన బెల్ ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు. టెలిఫోను వ్యవస్థకు ప్రాణమైన స్విచింగు వలయాల సిద్ధాంతంలో ఆయన పండితుడు. కుమారుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి 1963లో పట్టభద్రుడై, పిమ్మట అనువర్తిత గణితంలో పరిశోధనకు పూనుకొన్నాడు. 1967లో తానును బెల్ ప్రయోగశాలలోనే ఉద్యోగంలో చేరాడు. న్యూజెర్సీ రాష్ట్రంలోని మర్రే హిల్ అనే చోట గల ఆ ప్రయోగశాలయే ఆయన జీవితమంతటికీ కార్యక్షేత్రమయింది.

ఆయన స్వభావాన్ని తెలిపే విషయం ఒకటి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1968 నాటికి ఆయన సిద్ధాంత వ్యాసం పూర్తయింది. ప్రోగ్రాముల నిర్మాణానికిని, గణనలోని క్లిష్టతకును గల సంబంధం దాని విషయం. ఆ రంగంలో అది గట్టి పనియేనని తెలిసినవారు చెప్పుదురు. అయితే పట్టాకు అవసరమైన చివరి లాంఛనాలను ఆయన పూర్తి చేయలేదు. డాక్టరు పట్టా ఆయనకు రానేలేదు. పట్టాల కొరకు ఎంతో పరుగులు తీసే మనకు ఇది వింతగా తోచవచ్చును. పని ముగిసిన పిదప దానిపై ముద్ర వేయించుకొనుటయందు ఆయనకు శ్రద్ధ తక్కువ. ఈ లక్షణం ఆయనలో తుదివరకు నిలిచి ఉన్నది.

ఆ కాలంలో బెల్ ప్రయోగశాల, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ కలిసి మల్టిక్స్ అనే బృహత్తర వ్యవస్థను నిర్మించుచుండినవి. ఒకే కంప్యూటరును అనేకులు ఏకకాలంలో వాడుకొనుటకు వీలు కల్పించుట దాని ఆశయం. పని ఆలస్యమై, ఖర్చు పెరిగి, 1969లో బెల్ ప్రయోగశాల దాని నుండి వైదొలగింది. ఆశయం మాత్రం అక్కడి యువకుల మనస్సులను విడువలేదు. రిచీ సహచరుడైన కెన్ థాంప్సన్, పెద్దగా ఎవరికిని పనికిరాక పడియున్న పి.డి.పి.-7 అనే చిన్న యంత్రంపై అదే సంవత్సరం ఒక కొత్త వ్యవస్థను ప్రారంభించాడు. రిచీ ఆయనకు తోడైనాడు. అదియే తరువాత యూనిక్స్ అని లోకప్రసిద్ధి పొందింది.

ఆ వ్యవస్థకు ఒక భాష కావలసి వచ్చింది. మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బి.సి.పి.ఎల్. అనే భాషను కుదించి థాంప్సన్ బి అనే భాషను తయారు చేశాడు. ఆ భాషలో వస్తువులకు జాతిభేదం లేదు. యంత్రంలోని ఒక గడియే సర్వస్వం. సంఖ్యయైనను, అక్షరమైనను, మరొక వస్తువు ఉన్న చోటును తెలిపే చిరునామా అయినను అన్నియు అందులో ఒకటియే. 1970లో పి.డి.పి.-11 అనే కొత్త యంత్రం రాగా ఈ అభేదం చెల్లలేదు. ఆ యంత్రం అక్షరానికి ఒక బైటు, పూర్ణాంకానికి రెండు బైట్లు, దశాంశ సంఖ్యకు అంతకంటె ఎక్కువ కేటాయించే స్వభావం గలది. కావున 1971 మొదలుకొని రిచీ ఆ భాషకు రకాలను చేర్చుచు వచ్చాడు. 1972 నాటికి అది వేరొక భాషయే అయింది. బి తరువాత వచ్చినది కనుక దానికి సి అని పేరు పెట్టాడు. 1973లో యూనిక్స్ వ్యవస్థ హృదయభాగాన్ని ఈ భాషలో తిరిగి వ్రాశారు. అంతకుముందు ఇట్టి వ్యవస్థలను సాధారణంగా ఆయా యంత్రాల సొంత సంకేతాలలోనే వ్రాసేవారు. యంత్రం మారితే మరల మొదటినుండి వ్రాయవలసినదే. సి భాష వలన ఆ సంకెల తెగిపోయింది.

ఇక మా విద్యార్థి ఫిర్యాదు చేసిన లోపం సంగతి. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడును ఉండవలెనని మన శాస్త్రకారులు నిర్ణయించారు. నిప్పుతో తడిపినాడు అన్న వాక్యంలో కర్త ఉన్నాడు, కరణం ఉన్నది, క్రియ ఉన్నది, విభక్తి సరిగానే ఉన్నది. అయినను అర్థం పొసగదు. తడుపుటకు నిప్పు యోగ్యం కాదు. సి ప్రోగ్రాములో ఒక ప్రమేయాన్ని పిలుచుటయు ఇట్టి వాక్యమే. ఫలానా పని చేయుమని ప్రమేయాన్ని పిలిచి, పనికి కావలసిన విలువలను చేతికిస్తాము. ఇచ్చిన విలువ ఆ పనికి యోగ్యమా కాదా అని పరీక్షించే ఏర్పాటు రిచీ నిర్మించిన తొలి సి భాషలో లేదు. ప్రమేయం పేరును, అది తిరిగి ఇచ్చే ఫలితం రకాన్ని మాత్రమే ముందుగా ప్రకటించేవారు. అది ఎన్ని విలువలను, ఏ రకం విలువలను పుచ్చుకొనునో చెప్పే చోటు ఆ ప్రకటనలో లేదు.

దీని పర్యవసానం చూడండి. వర్గమూలం కనుగొనే ప్రమేయం ఒకటి ఉన్నది. అది 8 బైట్ల దశాంశ సంఖ్యను ఆశిస్తుంది. పిలిచినవాడు తెలియక 2 అన్న పూర్ణాంకాన్ని ఇచ్చాడు. పి.డి.పి.-11 యంత్రంలో అది 2 బైట్లలో ఇమిడే వస్తువు. పిలువబడిన ప్రమేయం మాత్రం 8 బైట్లను చదువుతుంది. ఇచ్చిన రెండింటితోపాటు, ప్రక్కన ఏమున్నదో ఆ ఆరింటిని కూడ కలుపుకొని, అంతయు ఒక సంఖ్య అని భావించి లెక్క చేస్తుంది. యంత్రం ఆగకపోవచ్చును. తప్పు అని చెప్పకపోవచ్చును. ఒక అర్థంలేని సంఖ్యను సమాధానంగా ఇచ్చి ఊరకుంటుంది. కేకవేసే తప్పుకంటె ఊరకుండే తప్పు ప్రమాదకరమని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది నిర్లక్ష్యమా? మా విచారణలో తేలినది వేరు. అప్పటి పి.డి.పి.-11 యంత్రం జ్ఞాపకశక్తి అంతయు 24 కిలోబైట్లు. అందులోనే వ్యవస్థయు, కంపైలరును, ప్రోగ్రామును సర్దుకొనవలెను. పైగా ఒక పెద్ద ప్రోగ్రాము పలు ఫైళ్ళుగా విభజింపబడి, ప్రతి ఫైలును కంపైలరు విడిగా చదువుతుంది. ఒక ఫైలును చదువుచున్నపుడు, మరియొక ఫైలులోని ప్రమేయం స్వరూపం దానికి కనబడదు. ఆనాడు ఆ భాషను వాడినవారు బహుకొద్దిమంది. పిలిచేవాడును, పిలువబడే ప్రమేయాన్ని వ్రాసినవాడును తరచుగా ఒకే వరండాలో పనిచేసేవారు. సందేహం కలిగితే ప్రక్క గదికి పోయి అడుగవచ్చును. వ్రాసేవానిని విశ్వసించుట ఆ భాష పుట్టుకలోనే ఉన్న గుణం. ఆ విశ్వాసం పదిమందికి సరిపోయింది. లక్షలమందికి సరిపోలేదు.

1978లో బ్రయన్ కెర్నిహన్‌తో కలిసి రిచీ సి భాషపై ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించాడు. భాష బెల్ ప్రయోగశాల గోడలు దాటి విశ్వవిద్యాలయాలకు, వ్యాపార సంస్థలకు వ్యాపించింది. ఆ కాలంలోనే రిచీ, ఆయన సహచరుడు స్టీఫెన్ జాన్సన్ మొదలగువారు యూనిక్స్ వ్యవస్థను ఇంటర్‌డేటా 8/32 అనే వేరొక జాతి యంత్రం మీదికి తరలించారు. వ్రాతగాళ్ళు రకాల విషయంలో ఎంత స్వేచ్ఛగా వ్యవహరించుచుండిరో ఆ ప్రయత్నంలో బయటపడింది. ఒక యంత్రంపై అదృష్టవశాత్తు పనిచేసిన తప్పు మరొక యంత్రంపై పని చేయదు. అప్పుడు జాన్సన్ లింట్ అనే పరిశోధక ప్రోగ్రామును వ్రాశాడు. లింట్ అనగా బట్టకు అంటిన నూలుపోగులు. ప్రోగ్రాము ఫైళ్ళనన్నింటిని ఒకచోట చేర్చి చదివి, పిలుపులకును నిర్వచనాలకును పొత్తు కుదరని తావులను అది ఎత్తి చూపేది. అయితే దానిని నడుపుట వ్రాసేవాని ఇష్టం. నడుపనివానిని కాపాడేవారు లేరు.

నిజమైన చికిత్స మరొక దిక్కునుండి వచ్చింది. అదే బెల్ ప్రయోగశాలలో బ్యార్న్ స్ట్రౌస్ట్రుప్ అనే డెన్మార్కు దేశీయుడు సి భాషను విస్తరించి సి ప్లస్ ప్లస్ భాషను నిర్మించాడు. ప్రమేయాన్ని ప్రకటించునపుడే అది పుచ్చుకొనే విలువల రకాలను కూడ కుండలీకరణంలో పేర్కొనే పద్ధతిని ఆయన అందులో అమలుపరచాడు. దీనినే ప్రోటోటైపు అందురు. ఇది ఉన్నచో కంపైలరు ప్రతి పిలుపునందును యోగ్యతను పరీక్షించగలదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ సి భాషకు ప్రమాణం నిర్ణయించుటకు 1983లో ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం ఈ పద్ధతిని స్వీకరించింది. 1989లో ఆ ప్రమాణం ఖాయమయింది.

ఇక్కడనే రిచీ వ్యక్తిత్వం ప్రకాశిస్తుంది. సి భాష ఆయన బిడ్డ. తన సహోద్యోగి వేరొక భాష కొరకు అమలుపరచిన పద్ధతిని తెచ్చి తన భాషలో చేర్చుచున్నారు. అహంకారం గలవాడైతే అడ్డు చెప్పియుండును. రిచీ అడ్డు చెప్పలేదు. 1988లో కెర్నిహన్‌తో కలిసి తన గ్రంథాన్ని సవరించి, ప్రోగ్రాములనన్నింటిని కొత్త పద్ధతిలో తిరిగి వ్రాసి, రెండవ కూర్పును వెలువరించాడు. ఆ ప్రోగ్రాములను పరీక్షించుటకు స్ట్రౌస్ట్రుప్ తయారు చేసిన అనువాదకమునే విరివిగా వాడుకొన్నామని పీఠికలో కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. అయితే అన్నింటికిని తలయూపే మెతకదనం ఆయనది కాదు. అదే సంవత్సరం సంఘం నోఎలయాస్ అనే మరొక కొత్త అంశాన్ని చేర్చబోగా, అది భాషకు హాని చేయునని రిచీ సుదీర్ఘమైన లేఖ వ్రాసి గట్టిగా వ్యతిరేకించాడు. సంఘం దానిని ఉపసంహరించుకొన్నది. మేలైన సవరణను స్వాగతించుట, కీడైన సవరణను కారణాలు చూపి నిరాకరించుట, ఈ రెండును ఒకే మనిషిలో కలిసియుండుట అరుదు.

మరొక చిక్కు మిగిలి ఉన్నది. అప్పటికే లోకంలో పాత పద్ధతిలో వ్రాసిన ప్రోగ్రాములు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. కొత్త నియమం వచ్చినదని వాటినన్నింటిని త్రోసివేయుట సాధ్యం కాదు. అందుచేత పాత పద్ధతిని, కొత్త పద్ధతిని రెండింటిని ప్రమాణం అనుమతించింది. పాతవారు తమ తీరికను బట్టి కొత్తదానికి మారవచ్చును. ఈ మార్పునకు సాయపడుటకే ప్రోటోటైపులను తయారు చేసే పరికరాలు పుట్టినవి. సీప్రోటో, ప్రోటోయిజ్ అనేవి వాటిలో పేరు పొందినవి. మా విద్యార్థి తలపెట్టినది అట్టిదే.

ఆ పరికరం చేయవలసిన పని చూచుటకు సులభం. ముందుగా మూల పాఠంలోని వ్యాఖ్యలను, ఉల్లేఖనలలోని అక్షరాలను దాటిపోవలెను. వాటిలో కుండలీకరణం కనబడితే ప్రమేయమని భ్రమపడరాదు. పిదప సంక్షేపాలను విప్పి చదువవలెను. ఏ ప్రమేయపు దేహంలోను లేని పైమెట్టున, ఒక పేరు, దాని వెంట కుండలీకరణం, ఆపైన దేహం కనబడితే అది ప్రమేయ నిర్వచనం. పాత పద్ధతిలో కుండలీకరణంలో పేర్లు మాత్రమే ఉండి, రకాలు దాని క్రింది పంక్తులలో ఉంటవి. రకం చెప్పనిచో పూర్ణాంకమని గ్రహించవలెను. ఈ రకాలను తెచ్చి కుండలీకరణంలో వరుసగా ఉంచితే ప్రోటోటైపు సిద్ధం. ఆ ఫైలుకే పరిమితమైన ప్రమేయాలను విడిచి, మిగిలినవాటిని ఒక శీర్షిక ఫైలులో చేర్చి, ఆ శీర్షికను అన్ని ఫైళ్ళ మొదట తగిలించవలెను. ఇక కంపైలరే కావలి కాస్తుంది.

మా విద్యార్థి ఒకచోట తడబడ్డాడు. పాత ప్రోగ్రాములో ఫ్లోట్ అని వ్రాసియున్న తావున అతని పరికరం ప్రోటోటైపులోను ఫ్లోట్ అనియే వ్రాసింది. కంపైలరు అంగీకరించలేదు. కారణం వెదకగా అది రిచీ కాలపు నియమంలో దొరికింది. ఆనాటి సి భాషలో చిన్న దశాంశ సంఖ్యను ప్రమేయానికి ఇచ్చునపుడు అది డబుల్ అనే పెద్ద రకానికి మారి చేరుతుంది. అక్షరాలు, చిన్న పూర్ణాంకాలు సాధారణ పూర్ణాంకాలుగా మారి చేరుతవి. కావున పాత నిర్వచనానికి ప్రోటోటైపు వ్రాయునపుడు ఫ్లోట్ ఉన్నచోట డబుల్ అని వ్రాయవలెను. పరికరం ఉన్న అక్షరాన్ని నకలు చేస్తే చాలదు. వ్రాసిననాటి సంప్రదాయం తెలిసి, ఉద్దేశించిన అర్థాన్ని వ్రాయవలెను. ప్రాచీన తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారు పడే శ్రమ కూడ ఇటువంటిదే గనుక ఈ మాట మాకు సులభంగా బోధపడింది.

1993లో రిచీ సి భాష చరిత్రను తానే ఒక వ్యాసంగా వ్రాశాడు. అట్టి వ్యాసాలలో ఆత్మస్తుతి సహజం. ఆయన వ్యాసంలో అది లేదు. బి.సి.పి.ఎల్. నుండి ఏమి తీసుకొన్నదీ, థాంప్సన్ నుండి ఏమి పొందినదీ, ఏ నిర్ణయం ఏ యంత్రపు పరిమితి వలన జరిగినదీ చెప్పి, భాషలో వికటమైన తావులున్నవని దాచకుండ అంగీకరించాడు. ప్రమాణ సంఘం భాషలో చేసిన మార్పులలో నిజంగా ముఖ్యమైనది ప్రోటోటైపేనని గుర్తించి, దాని ఋణం సి ప్లస్ ప్లస్‌దేనని స్పష్టం చేశాడు.

గౌరవాలు ఆయనను వెదకుకొని వచ్చినవి. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకొన్నాడు. 1999లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతులమీదుగా వారిరువురికి జాతీయ సాంకేతిక పతకం లభించింది. 2007లో ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. 2011లో జపాన్ బహుమానం వచ్చింది. ఆ సంవత్సరమే అక్టోబరు 12వ తేదీన, న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా నివసించుచుండిన ఆయన తన ఇంట మరణించియుండగా కనుగొన్నారు. వయస్సు 70 సంవత్సరాలు. అంతకు ఒక వారం ముందు, అక్టోబరు 5వ తేదీన, స్టీవ్ జాబ్స్ మరణించినపుడు ప్రపంచ పత్రికలన్నియు శోకించినవి. రిచీ మరణవార్త అంత దూరం పోలేదు. అయినను జాబ్స్ సంస్థ తయారు చేసిన యంత్రాల లోపలి వ్యవస్థ యూనిక్స్ సంతతికి చెందినదే. నేడు మన విద్యార్థుల చేతులలోని ఫోనులలో అత్యధిక భాగాన్ని నడిపే లినక్స్ హృదయభాగం ప్రధానంగా సి భాషలో వ్రాయబడినదే. ఇంటి పునాదిరాయిపై యజమాని పేరు చెక్కించడు గదా.

1989 ప్రమాణం ఓర్పుతో అనుమతించిన పాత పద్ధతి నిర్వచనాలను, 2024లో వెలువడిన సి భాష నూతన ప్రమాణం పూర్తిగా తొలగించింది. ఒక లోపాన్ని సవరించుటకు, ఎవరి పనియు చెడకుండ, ముప్పది సంవత్సరాలకు పైగా పట్టింది. త్వరపడి నిన్నటి ఇల్లు కూల్చలేదు. ఇల్లు నిలిచి ఉన్నది గదా అని పగుళ్ళను కప్పిపుచ్చనూ లేదు.

మా విద్యార్థి తన పరికరాన్ని సరిదిద్ది ముగించాడు. పాత ప్రోగ్రాము ఒకదానిపై దానిని నడుపగా, ఎన్నడూ ఎవరూ గమనించని అయోగ్యమైన పిలుపు ఒకటి బయటపడింది. తన మొదటి ఫిర్యాదును అతడు మరల ఎత్తలేదు. నివేదికలో రిచీ పేరును గౌరవంతో పేర్కొన్నాడు.

విద్యార్థులారా, మీరు చేయబోయే పనులలోను లోపాలు ఉండును. మీ తరువాత వచ్చినవారు వాటిని కనుగొందురు. ఆనాడు మీరు వారికి అడ్డు నిలుతురో, తోడు నిలుతురో ఇప్పుడే నిశ్చయించుకొనండి. తోడు నిలుచుటకు కావలసిన వినయాన్ని, పాండిత్యాన్ని ఈ కళాశాలలోనే మీరు సంపాదించవలెనని మా ఆకాంక్ష.